ఇంటర్నెట్ ఆగిన రోజుల్లో వార్తలకు షార్ట్‌వేవ్ రేడియో ఇప్పటికీ పనికొస్తుందా?

ప్రశ్న: ఉద్దానం చదువరి (మందస మండలం, శ్రీకాకుళం జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో పదిమంది చందాలతో నడిచే చిన్న పఠనాలయం ఒకటి ఉంది. దాని తాళాలూ లెక్కల పుస్తకమూ నా దగ్గర ఉంటాయి. ఈ ఏడాది పత్రికల ఖర్చు పోను కొంత సొమ్ము మిగిలింది కనుక దానితో ఒక షార్ట్‌వేవ్ రేడియో కొందామని నేను ప్రతిపాదించాను. కుర్రవాళ్లు నవ్వారు. పెద్దవాళ్లు సిలోన్ స్టేషను మళ్లీ వస్తుందా అని ఆశగా అడిగారు. నా ఉద్దేశం పాటలు కాదు, వార్తలు. ఆ ఆలోచన ఎందుకు వచ్చిందో ముందు చెబుతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో ఉద్దానం వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. కరెంటు పోయింది, సెల్ టవర్లు బ్యాటరీ ఉన్నంతసేపు పనిచేసి అవీ ఆగిపోయాయి. బియ్యం ఎక్కడ పంచుతున్నారో, దారి ఎంతవరకు తెరుచుకుందో, వెనకాలే ఇంకో తుపాను వస్తోందన్న మాట నిజమో కాదో చెప్పే దిక్కు లేకపోయింది. మంగలి దుకాణంలోని పాత ట్రాన్సిస్టరు ఒక్కటే పలికింది. దానిలో విశాఖపట్నం ఆకాశవాణి వార్తలు విని, నలుగురం తలో వీధికీ వెళ్లి చెప్పి వచ్చేవాళ్లం.

రెండోది కోనసీమ సంగతి. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాక అక్కడ ఇంటర్నెట్ నిలిపివేశారు. మా మేనకోడలు ఆ ఊళ్లోనే కాపురం ఉంటోంది. ఫోను కలిసేది, మాట వినబడేది. కానీ తమ పక్క వీధిలో ఏం జరిగిందో ఆ పిల్ల ఇంత దూరాన ఉన్న మమ్మల్ని అడిగి తెలుసుకోవలసి వచ్చేది. ఇదేం విడ్డూరమని అప్పుడు నవ్వుకున్నాం గాని, ఆ సంగతి నా మనసులోంచి పోలేదు.

యుద్ధాలు జరిగేచోట, నెట్ ఆపేసిన దేశాల్లో షార్ట్‌వేవ్ ద్వారా స్వతంత్ర వార్తలు పంపుతున్నారని చదివాను. అది మా ఊరికి ఎంతవరకు పనికొస్తుంది? తెలుగులో ఏమైనా వస్తాయా? వినడం చట్టప్రకారం తప్పు కాదు కదా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: కోటగుమ్మం శ్రోత (విజయనగరం)

చదువరి గారికి నమస్కారం. నలభై ఏళ్లుగా విదేశీ స్టేషన్లు పట్టడం, విన్నట్టు ఉత్తరం రాసి వాళ్లు పంపే కార్డులు దాచుకోవడం నా వ్యసనం కనుక, నా జవాబు కొంచెం పొడుగ్గా ఉంటే మన్నించండి.

ముందు ఒక తేడా చూడాలి. తిత్లీ సమయంలో మీ మంగలి దుకాణంలో పలికింది మీడియం వేవ్. విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తుంది. ఆ తరంగం పగటిపూట నేలను అంటిపెట్టుకుని వచ్చి మిమ్మల్ని చేరుతుంది. తుపానుకు, వరదకు అదే దిక్కు. అటువంటప్పుడు షార్ట్‌వేవ్ కోసం వెతకడం, పెరట్లో బావి ఉండగా నాగావళికి బిందె పట్టుకుని పోవడమే. షార్ట్‌వేవ్ అవసరం వేరేచోట వస్తుంది: దగ్గర్లోని గొంతులన్నీ మూగబోయినప్పుడు, లేక ఒకే గొంతు ఒకే మాట చెబుతున్నప్పుడు.

అది అంత దూరం ఎలా వస్తుందన్నది తెలిస్తే మిగతా సంగతులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్యనున్న ఈ తరంగాలు భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున, సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన అయనావరణపు పొరల దగ్గర వంగి, తిరిగి నేల మీదికి దిగుతాయి. నేల మీంచి మళ్లీ పైకి లేచి ఇంకో అంగ వేస్తాయి. అందువల్ల జర్మనీలోనో ఒమాన్‌లోనో ఉన్న ట్రాన్స్‌మిటరు మందసలో పలకడానికి మధ్యలో టవరు గాని, తీగ గాని, ఎవరి అనుమతి గాని అవసరం లేదు. ఇంటర్నెట్‌ను ఆపేవారు తమ సరిహద్దు లోపలున్న కంపెనీలకు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. పరాయి దేశంలోని ట్రాన్స్‌మిటరుకు ఆ ఉత్తర్వు చేరదు.

పగలు కింది పొర ఒకటి తక్కువ ఫ్రీక్వెన్సీలను పీల్చేస్తుంది, చీకటి పడ్డాక అది కరిగిపోతుంది. కనుక పగటికి ఎక్కువ ఫ్రీక్వెన్సీ, రాత్రికి తక్కువ ఫ్రీక్వెన్సీ వాడతారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక, మార్చిలో బీబీసీ వారు అక్కడికీ, రష్యాలోని కొన్ని ప్రాంతాలకూ రోజుకు నాలుగు గంటల ఇంగ్లీషు వార్తలు షార్ట్‌వేవ్ మీద మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించారు: కీవ్ సమయం ప్రకారం సాయంత్రం 4 నుంచి 6 వరకు 15735 కిలోహెర్ట్జ్, రాత్రి 10 నుంచి 12 వరకు 5875. పాత సెట్ల మీద మీటర్లు రాసి ఉంటాయి గనుక ఒక చిట్కా: 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 15735 కిలోహెర్ట్జ్ (15.735 మెగాహెర్ట్జ్) అంటే 19 మీటర్ల బ్యాండు, 5875 అంటే 49 మీటర్లకు కాస్త పైన. మీరు మధ్యాహ్నం 19, 25 మీటర్ల దగ్గరా, పొద్దు గుంకాక 31, 41, 49 మీటర్ల దగ్గరా వెతకండి.

మన దేశంలోనే దగ్గరి ఉదాహరణ కాశ్మీరు. 2019 ఆగస్టు మొదటి వారంలో అక్కడ ఇంటర్నెట్, ఫోన్లు ఆపేశాక, అదే నెలలో బీబీసీ తన హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాన్ని అరగంట పెంచి, ఉర్దూలో రోజుకు 15 నిమిషాల వార్తలు కొత్తగా మొదలుపెట్టింది. తరువాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 1940 మే 11న మొదలైన ఆ హిందీ రేడియో ప్రసారాన్ని 2020 జనవరి 31తో పూర్తిగా ముగించారు. కాశ్మీరులో అప్పటికి 2జీ నెట్, అదీ కొన్ని వెబ్‌సైట్లకు మాత్రమే, వారం రోజుల కిందట తిరిగి వచ్చింది. అత్యవసర పరిస్థితి కాలంలో పత్రికల మీద సెన్సారు ఉన్నప్పుడు తలుపులు వేసుకుని జనం విన్నది ఆ ప్రసారాన్నే.

మీరు అడిగిన తెలుగు సంగతికి వస్తే, నిరాశపరచక తప్పదు. ఒకప్పుడు సిలోన్‌లో తెలుగు పాటలు వచ్చేవి, మాస్కో రేడియోలో తెలుగు వార్తలు వచ్చేవి. హైదరాబాదు ఆకాశవాణి 4800 కిలోహెర్ట్జ్ మీద రాత్రిళ్లు అందరికీ వినబడేది, అదీ పోయింది. బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న మొదలైంది గాని అది పుట్టిందే ఇంటర్నెట్ మీద, దానికి రేడియో లేదు. నెట్ ఆగితే అదీ ఆగుతుంది. షార్ట్‌వేవ్ మీద తెలుగులో ఇప్పుడు మీకు దొరికేవి ముఖ్యంగా క్రైస్తవ సంస్థల కార్యక్రమాలు. వార్తలు కావాలంటే ఇంగ్లీషే గతి, కొంతవరకు హిందీ. మీ పఠనాలయంలో ఇంగ్లీషు విని అర్థం చేసుకుని, విన్నది విన్నట్టు తెలుగులో రాయగల మనిషి ఒకరైనా ఉన్నారా అన్నది ముందు చూసుకోండి. ఆ మనిషి లేకుండా సెట్టు కొనడం దండగ.

జవాబు: బొబ్బిలి వీణతీగ (బొబ్బిలి)

పెద్దలు ఏమీ అనుకోనంటే ఒక మాట. నెట్ ఆపినా డిష్ టీవీ ఆగదు, న్యూస్ చానెళ్లు ఇరవై దాకా వస్తున్నాయి. ఫోన్లో ఎఫ్‌ఎం కూడా ఉంది. ఇక ఈ గరగరల పెట్టె ఎందుకు? మేనకోడలు గారి ఇంట్లో టీవీ ఉండే ఉంటుంది కదా.

జవాబు: పాత విలేఖరి (పార్వతీపురం)

వీణతీగ గారి ఆక్షేపణ సబబైనదే, దాటేయకూడదు. ఎఫ్‌ఎం సంగతి ముందు చెబుతాను. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకు గాని, కమ్యూనిటీ రేడియోలకు గాని సొంతంగా వార్తలు సేకరించి చెప్పే అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను యథాతథంగా వినిపించవచ్చు, అంతే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పిన తరువాత కూడా ఇదే పరిస్థితి. కనుక ఫోన్లోని ఎఫ్‌ఎంలో మీకు వార్తలు వచ్చాయంటే అవి ఆకాశవాణి వార్తలే అయి ఉంటాయి. టీవీ నిజంగానే పనిచేస్తుంది, కరెంటు ఉన్నంతవరకు. అయితే టీవీ చానెలు కూడా ఆ ఊరినుంచి దృశ్యాలు రావడానికి ఇప్పుడు ఇంటర్నెట్ మీదే ఆధారపడుతోంది. నెట్ ఆగినప్పుడు స్టూడియోలో కూర్చున్నవారి వాదోపవాదాలు పెరుగుతాయి, ఊరినుంచి వచ్చే కబురు తగ్గుతుంది. ముప్పై ఏళ్లు పత్రికలకు వార్తలు రాసినవాడిగా నేను చూసింది ఇదే.

ఉపగ్రహ టీవీని వేరే విధంగా వాడుకున్నవారు కూడా ఉన్నారు. ఇరాన్ ప్రజల కోసం 2016లో మొదలైన తూషే అనే సేవలో, ఒక టీవీ చానెలు రూపంలో సమాచారాన్ని ప్రసారం చేస్తే, జనం దాన్ని సెట్‌టాప్ బాక్సుకు పెట్టిన పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసుకుని, తరువాత కంప్యూటరులో ఫైళ్లుగా విప్పుకునేవారు. ఇంటర్నెట్ లేకుండా ఇంటర్నెట్ సరుకు అందడం అన్నమాట. వీణతీగ గారికి గరగరలు నచ్చకపోతే దీని గురించి చదువుకోవచ్చు.

ఇక నేను చెప్పదలచిన అసలు విషయం. శ్రోత గారు తరంగం గురించి చక్కగా చెప్పారు గాని, మీ ప్రశ్నలో "స్వతంత్ర వార్తలు" అన్న మాట ఉంది. సరిహద్దు దాటి వచ్చిందల్లా స్వతంత్రం కాదు. 1967లో నక్సల్‌బరీ తిరుగుబాటు గురించి చైనా వారి పెకింగ్ రేడియో వేనోళ్ల పొగుడుతూ చెప్పింది. ఆ తరువాత మన శ్రీకాకుళం కొండల్లో ఉద్యమం సాగిన రోజుల్లో కూడా ఆ స్టేషను వినేవారు ఉండేవారని మా నాన్నగారు చెప్పేవారు. మాస్కోది ఇంకో పాట. రెండూ షార్ట్‌వేవే, రెండూ ప్రభుత్వాల గొంతులే. వాయిస్ ఆఫ్ అమెరికా 1942 నుంచి నడుస్తున్నా, 2025 మార్చి మధ్యలో సొంత ప్రభుత్వమే ఉద్యోగులను సెలవు మీద పంపేసరికి ప్రసారాలు నిలిచిపోయాయి. బయటి సర్కారు నోరు మూయలేని స్టేషను నోటిని ఇంటి సర్కారు ఒక్క కాగితంతో మూయగలిగింది. డబ్బు ఎవరిదో, సంపాదకుడి మీద ఎవరి మాట చెల్లుతుందో చూడకుండా ఏ స్టేషనునూ నెత్తిన పెట్టుకోవద్దు.

నాకు నచ్చిన నమూనా వేరు. బర్మా ప్రవాసులు 1992లో నార్వే నుంచి తమ భాషలో షార్ట్‌వేవ్ ప్రసారం మొదలుపెట్టారు. అదే డెమోక్రటిక్ వాయిస్ ఆఫ్ బర్మా. సూడాన్‌లోని డార్ఫుర్ ప్రజల కోసం రేడియో దబంగా 2008 నుంచి నెదర్లాండ్స్‌లో నడుస్తోంది. యుద్ధం నడుమ 2024 ఫిబ్రవరిలో సూడాన్‌లో నెట్ దాదాపు అంతటా పోయినప్పుడు, లోపలి కబుర్లు బయటికి తెప్పించుకుని, సరిచూసుకుని, తిరిగి లోపలివారికే వినిపించే సంస్థ ఒకటి అప్పటికే ఉండటం ఎంత మేలో ఆలోచించండి. మీ మేనకోడలు అమలాపురంలో ఉండి, తన పక్క వీధి సంగతి మందస వాళ్లను అడిగి తెలుసుకుంది చూశారూ, ఆ రేడియో చేస్తున్న పని అదే. కబురు ఊళ్లోంచి బయటికి వెళ్లి, ఒకరు దాన్ని నిజమా కాదా అని చూసి, తిరిగి ఊళ్లోకి పంపాలి. ట్రాన్స్‌మిటరు ఆ దారిలో సగం మాత్రమే. మిగతా సగం లోపలున్న విలేఖరి, అతడి దగ్గరున్న ఏదో ఒక ఫోను. కోనసీమ భోగట్టా చెప్పడానికి ఏ దేశపు షార్ట్‌వేవ్ స్టేషనుకూ అమలాపురంలో మనిషి లేడు. ఈ పరిమితి తెలిసి కొనుక్కోండి.

చట్టం గురించి కూడా ఒక్క వాక్యం: 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు, గడువు లేకుండా నెట్ ఆపడం చెల్లదనీ, ఆపే ఉత్తర్వును ప్రచురించాలనీ చెప్పింది, ఆ ఏడాది నవంబరులో కేంద్రం వారు నిబంధన మార్చి, ఒక్కో ఉత్తర్వు 15 రోజులకు మించకూడదన్నారు. మన దగ్గర ఎప్పుడైనా ఆపితే, ముందు ఆ ఉత్తర్వు కాగితం ఏదని అడగడం నేర్చుకోవాలి.

జవాబు: నాగావళి తరంగం (శ్రీకాకుళం పట్టణం)

నేను లైసెన్సు ఉన్న హామ్‌ను, అంటే సొంత ట్రాన్స్‌మిటరుతో ఇతరులతో మాట్లాడుకునే ఔత్సాహిక రేడియో మనిషిని. చదువరి గారు అడిగిన చట్టం సంగతి చెబుతాను. ప్రసారాలు వినడానికి ఇప్పుడు ఏ లైసెన్సూ అక్కరలేదు. పోస్టాఫీసులో ఏటా రేడియో లైసెన్సు కట్టే రోజులు 1980వ దశకంతో పోయాయి. వినేవాడి ఆచూకీ కూడా ఎక్కడా నమోదు కాదు. ఫోన్లో ఒక వెబ్‌సైటు తెరిస్తే పది చోట్ల జాడ మిగులుతుంది, రేడియో గుండీ తిప్పితే ఏమీ మిగలదు. పంపడం మాత్రం పూర్తిగా వేరు సంగతి. లైసెన్సు లేకుండా చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టినా నేరమే. మాబోటి హామ్‌లు కూడా ప్రజలకోసం వార్తా ప్రసారం చేయకూడదు. మేము ఒకరితో ఒకరం మాట్లాడుకోవాలి, అంతే.

అయితే ఆపద వచ్చినప్పుడు ఆ ఒకరితో ఒకరి మాటే ప్రాణం నిలబెడుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ గారు హామ్ ప్రయోగం కోసం పోర్టుబ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్‌కు మిగతా సంబంధాలు తెగిపోయిన ఆ గంటల్లో ఆమె బృందం షార్ట్‌వేవ్ మీదే కబుర్లు ఇటూ అటూ చేరవేసింది. మీ పఠనాలయం కుర్రవాళ్లలో ఎవరికైనా ఆసక్తి ఉంటే పరీక్ష రాయమనండి. పన్నెండేళ్లు నిండితే చాలు.

ఇంకొక విషయం, నవ్విన కుర్రవాళ్ల కోసం. షార్ట్‌వేవ్ మీద మాట మాత్రమే కాదు, అక్షరాలూ బొమ్మలూ కూడా వస్తాయి. వాయిస్ ఆఫ్ అమెరికా 2013లో రేడియోగ్రామ్ అనే కార్యక్రమంగా దీన్ని మొదలుపెట్టింది. 2017 నుంచి అదే రూపకర్త షార్ట్‌వేవ్ రేడియోగ్రామ్ అన్న పేరుతో సొంతంగా నడుపుతున్నారు. మామూలు ట్రాన్స్‌మిటరు నుంచి ఈల వేసినట్టు, గొంతు పుక్కిలించినట్టు ఒక చప్పుడు వస్తుంది. రేడియో స్పీకరు పక్కన ఫోను పెడితే, ముందుగా ఎక్కించుకున్న యాప్ ఆ చప్పుడు విని తెర మీద అక్షరాలు రాసేస్తుంది. నెట్ అవసరం లేదు. ఎమ్ఎఫ్ఎస్‌కే32 అనే పద్ధతిలో నిమిషానికి సుమారు 120 ఇంగ్లీషు మాటలు వస్తాయి. మనిషి చెవికి ఒక్క ముక్క అందనంత గరగరలో కూడా ఇది చాలాసార్లు సరిగ్గా దించుతుంది. తెలుగు లిపి పంపితే మాత్రం వేగం బాగా పడిపోతుంది: మన ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ కంప్యూటరు మూడేసి బైట్లు వాడుతుంది, ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. అయినా పది నిమిషాల్లో అర పేజీ తెలుగు వార్తలు దిగితే, నెట్ లేని రోజున అది తక్కువా? అలా పంపేవారు ఎవరూ లేరన్నదే లోటు.

శ్రోత గారు జామింగ్ సంగతి వదిలేశారు. అదే ఫ్రీక్వెన్సీ మీద పెద్ద చప్పుడు పంపి స్టేషనును ముంచేయవచ్చు. సోవియట్ ప్రభుత్వం 1980వ దశకం చివరిదాకా చేసింది, చైనా కూడా ఆగని సంగీతంతో చేసింది. పట్నాల్లో పెట్టిన జామరు పట్నంలో గట్టిగా పనిచేస్తుంది గాని, పల్లెకు వచ్చేసరికి పలచబడుతుంది.

ఉద్దానం చదువరి, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. పాత విలేఖరి గారి మాట చదివాక కొనడం మానేద్దామనిపించింది, తరంగం గారి మాట చదివాక మళ్లీ మనసైంది. కాశీబుగ్గలో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర పాత ఫిలిప్స్ సెట్టు ఒకటి దొరికింది. మొదటి సాయంత్రం పఠనాలయంలో పెడితే ఒకటే బుర్రుమనే చప్పుడు. ఇది చెడిపోయిందని తేల్చేలోపు కరెంటు పోయింది. ఎల్‌ఈడీ బల్బులు ఆరిపోగానే 31 మీటర్ల దగ్గర ఇంగ్లీషు వార్తలు పక్కన కూర్చుని చదువుతున్నట్టు వినబడ్డాయి. లోపం సెట్టులో లేదు, బల్బుల్లోనూ ఫోను చార్జర్లలోనూ ఉందని తెలిసింది. ఇప్పుడు రేడియో పెట్టే అరగంటా మెయిన్ స్విచ్ కట్టేస్తున్నాం. నవ్విన కుర్రవాళ్లలో ఒకడు రేడియోగ్రామ్ యాప్ ఎక్కించి, వారం నుంచి ఆ చప్పుడు కోసం కాపు కాస్తున్నాడు.

ఇంగ్లీషు సంగతి: మా ఊళ్లోనే ఉండే రిటైరైన మాస్టారు ఒకరు ఒప్పుకున్నారు. రోజూ విని, బోర్డు మీద అయిదారు వాక్యాలు రాస్తున్నారు. ఏ స్టేషను చెప్పిందో, అది ఏ ప్రభుత్వానిదో పక్కన చిన్నగా రాయాలన్నది నేను పెట్టిన షరతు. మాస్టారికి ఇది నచ్చలేదు, బోర్డు మీద చోటు సరిపోదంటారు. నేను పట్టు విడవలేదు.

ఒక్క సందేహం మిగిలింది. సెట్టుకున్న కడ్డీ ఏరియల్ చాలడం లేదు, బయట తీగ కడదామనుకుంటున్నాను. పఠనాలయం పక్కన కొబ్బరి చెట్టు ఒకటి తిత్లీకి పడకుండా నిలిచింది. దానికి కట్టవచ్చా?

కోటగుమ్మం శ్రోత

కట్టవచ్చు. పది మీటర్ల రాగి తీగ చాలు, పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నా ఫరవాలేదు. కరెంటు తీగలకు దూరంగా, వాటికి లంబంగా (వాటిని దాటకుండా) పోయేలా లాగండి. చెట్టు వైపు నైలాను తాడు వేసి, దాన్ని చిన్న కప్పీ మీదుగా తెచ్చి, చివర ఇటుక ముక్క వేలాడదీయండి. గాలికి చెట్టు ఊగినప్పుడు ఇటుక పైకీ కిందికీ కదులుతుంది, తీగ తెగదు. మబ్బు పడితే మాత్రం, ఉరుము వినబడకముందే తీగను సెట్టునుంచి తీసి, కిటికీ బయటికి తోసేయండి.